మరుగు లెక్కలు

మే నెల మధ్యాహ్నం తిరుమలాయపాలెంలో నీడపట్టున కూడా ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు చేరుతుంది. ఖమ్మం నుంచి వరంగల్ వైపు వెళ్లే దారిలో పత్తి, మిర్చి చేల మధ్య ఉన్న మండలం ఇది. తూర్పుగా కొత్తగూడెం దాటుకుంటూ పోతే భద్రాచలం అడవి వస్తుంది. ఆ ఎండలో పొయ్యి, దీపం ఏమీ లేకుండానే మరిగిపోయే ద్రవాలు కొన్ని ఉన్నాయి. కాలేజీ ల్యాబుల్లో వాడే ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. పత్తి పురుగుమందు ‘సెవిన్’ తయారీకి భోపాల్‌లో నిల్వ పెట్టిన మిథైల్ ఐసోసయనేట్‌కు 39 చాలు.

ఈ అంకెలు ఇప్పుడు ఏ రసాయనం డ్రమ్ము వెంటైనా వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో ఉంటాయి. ఒక రసాయనం ప్రమాదకరమా కాదా అని తేల్చే పరీక్షల్లో మరుగు స్థానం మొదటి వరసలోది. అయితే మరుగుతో మనిషికి ఉన్న లావాదేవీలను ఖమ్మం జిల్లా చరిత్రలో వెతుక్కుంటూ వెనక్కి పోతే, భద్రత కోసం కొలవడమన్నది చివరగా వచ్చిన పని. ముందు సారా ఉంది, తర్వాత సర్కారు పన్ను, ఆ తర్వాత ఫ్యాక్టరీ.

ఇప్ప పువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఆకూ అలమూ ముందే ఊడ్చిపెట్టి కోయ కుటుంబాలు పువ్వు ఏరుకొని ఎండబెట్టుకుంటాయి. ఎండిన పువ్వు బరువులో సగం దాకా చక్కెరలే ఉంటాయి. నానబెడితే కొద్ది రోజుల్లో పులిసి ఊట అవుతుంది. ఊట ఉన్న కుండను పొయ్యి మీద పెట్టి, మీద మరో కుండ అమర్చి, సందుల్లో తడి మట్టి మెత్తి, ఆవిరిని వెదురు గొట్టం గుండా బయటికి తెచ్చి చన్నీళ్లతో చల్లారిస్తే సారా బొట్లుబొట్లుగా దిగుతుంది. మంట తగ్గితే ధార ఆగిపోతుంది, పెరిగితే ఊట పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి కట్టెను ముందుకు తొయ్యడం, వెనక్కి లాగడమే పని.

శుద్ధమైన ఇథైల్ ఆల్కహాల్ 78.3 డిగ్రీల దగ్గర, నీళ్లు 100 దగ్గర మరుగుతాయని పదో తరగతి పిల్లవాడికీ తెలుసు. అలాగని కుండలో ఊట 78 దగ్గర మరగదు. అందులో నీళ్లే ఎక్కువ కాబట్టి 90 దాటాకే కదులుతుంది. కానీ పైకి లేచే ఆవిరిలో మాత్రం ఆల్కహాల్ పాలు ఊటలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. కాపు సాగేకొద్దీ కుండలో ఆల్కహాల్ తగ్గుతుంది, మరుగు స్థానం పెరుగుతుంది, దిగే సారా పలచబడుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పడానికి థర్మామీటర్ లేదు. దిగినదాన్ని కొంచెం నిప్పు మీద చల్లి చూసేవారు. భగ్గున నీలిమంట లేస్తే ఘాటు ఉన్నట్టు, చుంయ్‌మని ఆరిపోతే ఇక నీళ్లే.

మొదటి ధార పారబోస్తే విషం పోతుందని ఓ నమ్మకం చాలా చోట్ల ఉంది. ప్రాణం తీసే మిథైల్ ఆల్కహాల్ మరుగు స్థానం 64.7. ఇథైల్‌కూ దానికీ తేడా 13 డిగ్రీల పైమాటే. కాగితం మీద ఇది పెద్ద తేడాయే, కానీ మట్టికుండకు వాటిని విడదీసేంత నేర్పు లేదు. రెండూ కలిసే ఆవిరవుతాయి. ఇప్ప ఊటలో మిథైల్ ఆల్కహాల్ పుట్టేదే అతి తక్కువ కాబట్టి అడవిలో జనం బతికిపోయారు. దేశంలో కల్తీసారా సామూహిక మరణాలకు ఎక్కువగా కారణమైంది ఫ్యాక్టరీల నుంచి దొంగదారిన వచ్చిన మిథైల్ ఆల్కహాల్.

ఈ సారా చుట్టూ గోదావరికి రెండు ఒడ్డులా రెండు రాజ్యాల లెక్కలు నడిచాయి. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారి చేతికి పోయింది, కొన్నేళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో చేరింది. ఖమ్మం, ఇటువైపు పల్లెలు నిజాం ఏలుబడిలోనే ఉండిపోయాయి. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంటే తరతరాలుగా ఒకే ఇప్పచెట్ల అడవిలో ఏరు దాటితే చట్టం మారేది. నిజాం రాజ్యానికి 1316 ఫసలీ నాటి అబ్కారీ చట్టం ఉండేది, మద్రాసుకు 1886 నాటిది. రెండింటి సారాంశం ఒకటే: మనిషి తన కోసం కాచుకున్నది నేరం, గుత్తేదారు కాచి అమ్మింది ఆదాయం.

మన్యం ఆ సంగతి మద్రాసు చట్టం రాకముందే గ్రహించింది. 1879 మార్చిలో రంప తిరుగుబాటు లేచింది. దానికి కారణాల్లో ముఖ్యమైనది కల్లు మీద వేసిన చిగురు పన్ను, గుత్తేదార్ల దౌర్జన్యం. ఇంటి అవసరానికి చెట్టు గీసుకోవడానికి కూడా పన్ను కట్టమన్నారు. ఆ ఏడాదే తిరుగుబాటు భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. అక్కడ పోడు మీద పన్ను పెంచడం మంటకు ఆజ్యం పోసింది.

అబ్కారీ వాళ్లు మరుగును కొలవలేదు, మరుగులోంచి దిగినదాన్ని కొలిచారు. వారి చేతిలో ఉండే సాధనం సైక్స్ హైడ్రోమీటర్, బ్రిటన్ 1816 చట్టంతో అధికారికం చేసినది. ఇత్తడి బుడ్డి, దాని కాడ మీద గీతలు, కొక్కేనికి తగిలించే చిన్న చిన్న తూకాలు, పక్కన ఓ థర్మామీటర్, ఓ పట్టికల పుస్తకం. బుడ్డి సారాలో ఎంత మునిగిందో చూసి, సారా ఎంత వేడిగా ఉందో చూసి, రెండు అంకెలనూ పట్టికలో కలిపితే ‘లండన్ ప్రూఫ్’ ప్రకారం బలం ఎంతో తేలేది. ప్రూఫ్ అంటే ఘనపరిమాణంలో 57 శాతం చిల్లర ఆల్కహాల్. పన్ను దాని మీదే. ఖచ్చితత్వం విషయంలో ఆ పెట్టెకు వంక పెట్టలేం. ఆ సారా తాగినవాడు ఏమవుతాడన్న గడి మాత్రం ఆ పట్టికల్లో లేదు.

యాదృచ్ఛికమే గానీ, అదే 1879లో లండన్‌లో ఇంకో కొలత చట్టమైంది. కిరసనాయిలు దీపాలు పేలి జనం చస్తుంటే, ఫ్రెడరిక్ ఏబెల్ అనే రసాయనవేత్త మూత ఉన్న చిన్న గిన్నెలో నూనెను మెల్లగా వేడిచేస్తూ, నిర్ణీత వ్యవధిలో మూత కిటికీ తెరిచి చిన్న దీపశిఖను లోపలికి వంచే పరికరం తయారు చేశాడు. ఏ వేడి దగ్గర లోపలి ఆవిరి చప్పున మెరుస్తుందో అది ఫ్లాష్ పాయింట్. అది 73 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తక్కువైతే ఆ నూనె మీద ఆంక్షలు. సెంటీగ్రేడులో అది దాదాపు 23. ఇప్పటి మన పెట్రోలియం నిబంధనల్లోనూ ‘ఏ’ తరగతికి గీత 23 దగ్గరే ఉంది. ద్రవాన్ని పన్ను కోసం కాకుండా ప్రాణం కోసం వేడిచేసి చూడటం చట్టంలోకి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. మరుగు స్థానానికి ఆ గౌరవం దక్కడానికి ఇంకా వందేళ్లు పట్టింది.

పరీక్ష పద్ధతి మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. 1886లో సివోలోబోఫ్ అనే రసాయనవేత్త కొద్ది చుక్కలతోనే మరుగు స్థానం తేల్చే ఉపాయం ప్రచురించాడు. ఖమ్మం ఎస్‌ఆర్ అండ్ బీజీఎన్‌ఆర్ కాలేజీ మొదలుకొని ఏ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చదివినవారికైనా ఆ ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. సన్నటి గాజు గొట్టంలో అరంగుళం ద్రవం పోస్తారు. ఒక కొస మూసిన కేపిల్లరీని, తెరిచిన కొస కిందికి ఉండేలా అందులో వదులుతారు. గొట్టాన్ని దారంతో థర్మామీటర్ బుడ్డికి కట్టి లిక్విడ్ పారఫిన్‌లో ముంచి వేడిచేస్తారు. ముందు కేపిల్లరీలోంచి ఒకటీ అరా బుడగలు వస్తాయి, అది లోపల ఇరుక్కున్న గాలి. తర్వాత బుడగలు తెగకుండా దండగా లేస్తాయి. అప్పుడు అంకె రాసుకున్న పిల్లవాడికి మార్కులు తెగుతాయి. ఎందుకంటే వేడి అప్పటికే హద్దు దాటిపోయి ఉంటుంది. దీపం తీసేసి ఆగాలి. బుడగలు నెమ్మదించి, చివరి బుడగ కేపిల్లరీ అంచున తచ్చాడి, ద్రవం లోపలికి పాకబోయే క్షణంలో థర్మామీటర్ చూడాలి. లోపలి ఆవిరి ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడి సరిసమానమైన క్షణం అదే. పక్కనే బారోమీటర్ చూసి ఆ రోజు గాలి ఒత్తిడి కూడా రాసుకోవాలి. ఈ రెండో అంకెను చాలామంది వదిలేస్తారు. దాని సంగతి తర్వాత.

1981లో ఓఈసీడీ దేశాలు రసాయనాల భద్రతా పరీక్షలకు ఉమ్మడి పద్ధతులు ప్రకటించినప్పుడు మరుగు స్థానానికి 103వ నంబరు కేటాయించాయి. 1995లో దాన్ని సవరించారు. సివోలోబోఫ్ గొట్టం అందులో ఇప్పటికీ ఆమోదం ఉన్న పద్ధతే. ఎబులియోమీటర్, డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్ వంటి ఖరీదైన యంత్రాల పక్కన ఈ దారం కట్టిన గాజు పుల్ల కూడా కూర్చుంది.

ఇక ఫ్యాక్టరీ. మరుగు స్థానంలో డిగ్రీన్నర తేడా మీద ఒక ఊరు వెలసింది ఈ అడవిలోనే. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున అశ్వాపురం దగ్గర 1991లో భారజల కర్మాగారం మొదలైంది. పేరు మణుగూరుది, సిబ్బంది కాలనీ గౌతమీ నగర్. భారజలం కూడా నీళ్లే, అయితే అందులో హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన రూపం డ్యుటీరియం ఉంటుంది. మామూలు నీళ్లు 100 దగ్గర మరిగితే ఇది 101.4 దగ్గర మరుగుతుంది. గోదావరి నీళ్లలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు డ్యుటీరియం నూటయాభై దాకానే. ఆ 1.4 తేడాను నమ్ముకొని మొదటి నుంచీ మరిగిస్తూ కూర్చుంటే సింగరేణి బొగ్గంతా చాలదు.

అందుకే ముందు పని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు అప్పగించారు. ఎత్తైన టవర్లలో ఇరవై రెట్ల వాతావరణ పీడనం దగ్గర నీళ్లు పైనుంచి దిగుతుంటే వాయువు కిందినుంచి ఎక్కుతుంది. 30 డిగ్రీల చల్లటి టవర్లో డ్యుటీరియం నీళ్ల వైపు మొగ్గుతుంది, 130 డిగ్రీల వేడి టవర్లో తిరిగి వాయువులోకి పోతుంది. ఇలా అంచెలంచెలుగా 15 శాతం దాకా చిక్కబరిచాక గానీ మరుగు తేడాకు వంతు రాదు. ఆ దశలో శూన్య పీడనంలో స్వేదనం చేసి 99.8 శాతానికి తెస్తారు.

చల్లటి టవర్‌ను 30 కంటే ఇంకా చల్లబరిస్తే పని ఇంకా బాగా జరగాలి. అయినా చల్లబరచరు. కారణం మళ్లీ మరుగు స్థానమే. పుస్తకం తెరిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ మరుగు స్థానం సున్నాకు 60 డిగ్రీలు కింద. ఆ లెక్కన మన ఎండల్లో అది ద్రవమయ్యే ప్రసక్తే లేదు. కానీ ఆ 60 మామూలు గాలి ఒత్తిడి దగ్గరి మాట. ఇరవై రెట్ల ఒత్తిడిలో అదే వాయువు 25 డిగ్రీల అటూఇటుగా ద్రవంగా మారుతుంది. అంతకుముందే నీళ్లతో కలిసి మంచులాంటి గడ్డలు కట్టి గొట్టాలు మూసేస్తుంది. భద్రాచలం అడవిలో డిసెంబరు రాత్రి చలి ఎంతో తెలిసినవారికి ఈ 25 ఎంత దగ్గరి అంకో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆ వాయువు మామూలుది కాదు. కుళ్లిన కోడిగుడ్డు వాసనతో ముందే హెచ్చరిస్తుంది గానీ, మోతాదు 100 పీపీఎం దాటితే ముక్కు ఆ వాసనను పట్టలేదు. ఘాటు తగ్గిందనుకున్న మనిషి అసలు ప్రమాదంలో ఉన్నట్టు. అందుకే ఇలాంటి ప్లాంట్లలో ముక్కును కాకుండా డిటెక్టర్లను నమ్ముతారు.

ఈ కర్మాగారం పని మొదలుపెట్టక ముందే దేశం ఒక పాఠం చూసింది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్ యూనియన్ కార్బైడ్‌లో 610వ నంబరు ట్యాంకులో నలభై టన్నుల మిథైల్ ఐసోసయనేట్ ఉంది. 39 డిగ్రీలకే మరిగే సరుకు కాబట్టి సున్నా దగ్గర చల్లగా ఉంచాలని శీతల యంత్రం పెట్టారు. నెలల ముందే దాన్ని ఆపేశారు. ట్యాంకులోకి నీళ్లు చేరాయి, చర్య మొదలైంది, ఆ చర్య పుట్టించిన వేడికి ద్రవం తనంత తానే మరిగి వాయువై ఊరి మీద పడింది. డిసెంబరు రాత్రి చలి ఆదుకోలేదు, వేడి లోపలిది కాబట్టి.

ఆ తర్వాతే మన చట్టంలోకి మరుగు స్థానం వచ్చింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు. ఇప్పుడున్న రూపంలో అవి గీసిన గీత ఇది: ఫ్లాష్ పాయింట్ 23కు మించకుండా, మరుగు స్థానం 35 కంటే తక్కువగా ఉన్న ద్రవం అత్యంత త్వరగా అంటుకునే తరగతిలోది. మరుగు స్థానం 35 పైన ఉంటే ఒక మెట్టు కింద. ఆ గీత ప్రకారం చూస్తే మిథైల్ ఐసోసయనేట్‌ది రెండో మెట్టే, నాలుగు డిగ్రీల తేడాతో. విషగుణం వల్ల దాన్ని పేరు పెట్టి జాబితాలో చేర్చారు గానీ, మరుగు అంకె ఒక్కటే దాన్ని పట్టి ఇచ్చేది కాదు.

ఇలాంటి గీత దగ్గర బారోమీటర్ విలువ తెలుస్తుంది. పెంటేన్ అనే ద్రావణి అసలు మరుగు స్థానం 36.1. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లే 98 చిల్లర దగ్గర మరుగుతాయి. పెంటేన్ 34 దగ్గరే మరిగిపోతుంది. ఖమ్మం పల్లంలో ఉంది, ఇక్కడ అదే సీసా 35.7 దాకా ఆగుతుంది. సవరణ చేయకుండా రాస్తే ఒకే ద్రవం హైదరాబాద్‌లో పై తరగతి, ఖమ్మంలో కింది తరగతి అవుతుంది. అందుకే మరుగు అంకె పక్కన 101.3 కిలోపాస్కల్ అనే ప్రామాణిక ఒత్తిడి కూడా రాయాలి. ల్యాబు రిపోర్టులో ఆ ఒత్తిడి లేకుండా మరుగు స్థానం ఒక్కటే కనిపిస్తే ఆ కాగితాన్ని వెనక్కి పంపడం మేలు.

స్టైరీన్ అనే రసాయనం విషయంలో అలాంటి సందేహమేమీ లేదు. దాని మరుగు స్థానం 145. విశాఖ ఎండకు, నీళ్లు మరిగే వేడికి కూడా అందనంత పైన ఉన్న అంకె. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి ఆ స్టైరీన్ ఆవిరై ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరిగెత్తుతూ రోడ్డు మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు.

స్టైరీన్ తన అణువులను తానే గొలుసుకట్టుకుంటూ పోయే రకం. ఒక్కో కొలికీ పడేటప్పుడు కాస్త వేడి పుడుతుంది, ఆ వేడికి తర్వాతి కొలికి ఇంకా త్వరగా పడుతుంది. దాన్ని ఆపడానికి చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకం కలపాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి, ట్యాంకు నిండా సరుకు కదలకుండా ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ జులైలో నివేదిక ఇచ్చింది. నిరోధకం సరిపడా లేదని, శీతల వ్యవస్థను రోజంతా నడపలేదని, సైరన్ మోగించలేదని అందులో ఉంది. ట్యాంకులో వేడి చూసే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందన్నది అన్నిటికన్నా ఆలోచించాల్సిన అంశం. చల్లటి ద్రవం అడుగున ఉంటుంది, వేడెక్కినది పైకి చేరుతుంది. పై పొరలు ఉడుకుతుంటే కింది మీటరు నిశ్చింతగా మామూలు అంకె చూపించింది. చివరికి ట్యాంకులో వేడి 153 డిగ్రీలు దాటింది, అంటే స్టైరీన్ మరుగు స్థానాన్ని దాటేసింది.

సేఫ్టీ డేటా షీట్‌లో మరుగు స్థానం తొమ్మిదో విభాగంలో ఉంటుంది. రసాయనం ఎంత స్థిరమైనది, ఏ పరిస్థితిలో తిరగబడుతుంది అన్నది పదో విభాగంలో. ల్యాబులో 145 తేల్చినవాళ్లు ఏ తప్పూ చేయలేదు. వాళ్ల గాజు గొట్టంలో ఉన్నది తాజా, శుద్ధమైన ద్రవం, దాన్ని వేడిచేసింది బయటి దీపం. ట్యాంకులో దీపం పాత్ర పోషించింది సరుకే. భోపాల్‌లోనూ ఇదే కథ: చల్లదనం మీద ఆధారపడ్డ నిల్వ, ఆగిన యంత్రం, లోపల పుట్టిన వేడి. ముప్పై ఆరేళ్ల తేడాతో రెండు ట్యాంకులూ ఒకే దారిన పోవడాన్ని దురదృష్టం ఖాతాలో వేయడం కష్టం. విశాఖలో మిగిలిన పదమూడు వేల టన్నుల స్టైరీన్‌ను ప్రభుత్వం ఓడలెక్కించి దక్షిణ కొరియాకు తిప్పి పంపింది.

నాలుగేళ్లకు, 2024 ఆగస్టు 21న, అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా యూనిట్‌లో మిథైల్ టెర్షరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి గొట్టం నుంచి లీకై, ఆవిరి కమ్ముకొని పేలింది. 17 మంది పోయారు. ఆ ద్రావణి ఫ్లాష్ పాయింట్ సున్నాకు చాలా కింద, మరుగు స్థానం 55. కాబట్టి 35 దగ్గర గీసిన గీత ప్రకారం అది కూడా రెండో మెట్టు సరుకే.